బెజ్జం దగ్గర మొదలుపెట్టండి: పాత బెజవాడని ఒక్క రోజులో చూసే పద్ధతి

బెజవాడకి వచ్చేవాళ్ళది ఒకటే వరస. స్టేషన్లో దిగుతారు, ఆటో ఎక్కుతారు, కొండకి పోయి అమ్మవారిని చూస్తారు, లడ్డూ ప్యాకెట్టు సంచిలో పెట్టుకుని సాయంత్రం బండికి వెళ్ళిపోతారు. తప్పని అనను, అమ్మవారి కోసమే వచ్చినవాళ్ళకి అది చాలు. కానీ ఊరు చూద్దామని వచ్చినవాళ్ళు కూడా అంతే చేసి, "ఏవుందండీ మీ ఊళ్ళో, ఎండా బస్టాండూ తప్ప" అని పోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పోయినేడు బెంగుళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు కూడా సరిగ్గా ఈ ముక్కే అన్నాడు. వాణ్ణి మర్నాడు తెల్లవారుజామున లేపి, రాత్రి రైలెక్కించేదాకా తిప్పాను. అప్పుడు తిప్పిన దారే ఇక్కడ రాస్తున్నాను. నేను రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మా తాత కాలువ పడవ మీద సరంగు, అంటే పడవ నడిపించే పెద్ద. కాబట్టి ఈ ఊరిని నేను దేవుడి వైపు నుంచి కాకుండా సరుకు వైపు నుంచి చూస్తాను. ముందే చెప్తున్నా.

ఎప్పుడు రావాలంటే కార్తీకం నుంచి మాఘం దాకా. ఎండాకాలంలో రావద్దు. ఈ ఊరిని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. ఒకసారి మా ఆవిడ తరఫు చుట్టాల్ని మే నెలలో పదకొండు గంటలకి బ్యారేజీ మీద నడిపించాను. సగం దూరంలో ఒకాయన కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎదురైతే ఆయన నాతో సరిగ్గా మాట్లాడడు. పైగా వేసవిలో కాలవలు కట్టేస్తారు. నీళ్ళు లేని కాలవలో కనపడేది బురద, ప్లాస్టిక్ సంచులు, పాత చెప్పులు. దసరా పది రోజులూ కూడా ఈ తిరుగుడుకి పనికిరావు. ఆ పది రోజులూ ఊరు అమ్మవారిది, దారులన్నీ క్యూలైన్లే. మూలా నక్షత్రం రోజయితే మేమే ఇంట్లోంచి బయటికి రాం. 2028లో కృష్ణా పుష్కరాలున్నాయి, అప్పుడూ అంతే.

తెల్లవారుజామున అయిదున్నరకల్లా సీతానగరం చేరండి. అంటే నదికి అవతలి ఒడ్డు, గుంటూరు జిల్లా వైపు. స్టేషన్ నుంచి ఆటోలో పది పదిహేను నిమిషాలు. "బ్యారేజీ దాటి సీతానగరంలో దింపు" అంటే చాలు. ఆటోవాడు "గుడికా సార్, ఇటు కాదు, కొండ అటు" అంటాడు. పట్టించుకోవద్దు. అక్కణ్ణుంచి బ్యారేజీ మీద ఊరివైపు నడుచుకుంటూ రావాలి. ఊరిని అవతలి ఒడ్డు నుంచి చూస్తేనే అది ఇక్కడే ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

బ్యారేజీ మొదట్లో నిలబడి ఎదురుగా చూడండి. అది ఇంద్రకీలాద్రి. మీ వెనక సీతానగరం కొండ. మధ్యలో కృష్ణ. అమ్మమ్మలు చెప్పే కథ ప్రకారం ఒకప్పుడు ఇక్కడ దారి లేదు, కొండ అడ్డంగా ఉండేది. కృష్ణమ్మ బతిమాలితే కొండకి బెజ్జం పడి నీళ్ళు సముద్రానికి పోయాయి, అందుకని బెజ్జంవాడ, బెజవాడ. ఇంకో ముక్క కూడా చెప్పేవారు. అమ్మవారు కృష్ణమ్మ దగ్గర ముక్కుపుడక ఎరువు తీసుకుని తిరిగివ్వలేదట, ఏదో ఒక రోజు నది పొంగి ఆ ముక్కుపుడకని అందుకుంటుందట, ఆ రోజుతో కలియుగం సరి. వరద వచ్చినప్పుడల్లా మా నాయనమ్మ ఇది తలుచుకుని దణ్ణం పెట్టుకునేది.

కథని కథగా ఉంచండి. బెజ్జం మాత్రం నిజం. ఎక్కడెక్కడి నుంచో వెడల్పుగా పారుకుంటూ వచ్చిన నది ఈ రెండు కొండల మధ్య ఒదిగి, ఆ తరవాత డెల్టాలోకి విచ్చుకుంటుంది. రెండు పక్కలా రాయి, మధ్యలో నీళ్ళు. ఆనకట్ట కట్టాలనుకునే ఇంజినీరుకి ఇంతకంటే ఏం కావాలి? ఆ తరవాత పడవ వచ్చినా, రైలు వచ్చినా, లారీ వచ్చినా ఈ బెజ్జం దగ్గరికే రావాల్సొచ్చింది. ఈ ఒక్కటీ మనసులో పెట్టుకుంటే రోజంతా మీరు చూసేవాటికి వేరే గైడు అక్కర్లేదు.

ఇప్పుడు నడవండి. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, 70 గేట్లు. పెద్ద బళ్ళని రానివ్వరు కాబట్టి పొద్దున్నే ప్రశాంతంగా ఉంటుంది. నడిచేవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, సైకిళ్ళు. ఎడం పక్క నిండు కుండ. కుడి పక్క, గేట్లు దించి ఉంటే, ఇసక తిన్నెలు, రాళ్ళు, కొంగలు. దూరంగా రైలు వంతెనల వెనక సూర్యుడు. ఒకే నది రెండు పక్కలా రెండు రకాలుగా ఎందుకుందో పిల్లలు వెంట ఉంటే అడగండి. మా మేనల్లుడికి ముప్పై రెండేళ్ళు, వాడూ చెప్పలేకపోయాడు.

1832-33లో గుంటూరు సీమలో ఘోరమైన కరువొచ్చింది. నందన కరువనీ, డొక్కల కరువనీ అంటారు. జనం పిట్టల్లా రాలిపోయారు. నది పక్కనే పారుతున్నా పొలానికి చుక్క ఎక్కలేదు. ఆ తరవాత ఇరవయ్యేళ్ళకి గాని కుంపిణీ దొరలకి ఆనకట్ట మీద మనసు పోలేదు. గోదావరి మీద ధవళేశ్వరం కట్టిన కాటన్ దొర పేరు అందరికీ తెలుసు. కృష్ణ మీద 1852లో పని మొదలుపెట్టి 1855కి పూర్తి చేయించినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. ఈయన్ని ఎవరూ తలుచుకోరు. పేరు గుర్తుపెట్టుకోండి, సాయంత్రం మళ్ళీ వస్తాడు.

ఆనకట్ట అంటే నదికి అడ్డంగా కట్టిన రాతి గట్టు. నీళ్ళు దాని ఎత్తుకి నిలబడి, పక్క కాలవల్లోకి మళ్ళి, మిగిలింది పైనుంచి పొర్లిపోతుంది. దాదాపు వందేళ్ళు పనిచేసి 1952 వరదకి తెగింది. మా నాన్న అప్పటికి పడుచువాడు. ఆ ఏడు కాలవలో నీళ్ళు లేక పడవలు బురదలో కూర్చుండిపోయాయని చెప్పేవాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954లో కొత్తది మొదలుపెట్టి 1957లో పూర్తి చేశారు. రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఆ ఏడు మే నెలలోనే పోయారు, బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. నేనూ ఆ ఏడే పుట్టాను. అందుకని మా ఇంట్లో నన్ను చాలాకాలం "బ్యారేజీ" అనే పిలిచేవారు. దీనికి గేట్లున్నాయి కాబట్టి నీళ్ళు మూడు టీఎంసీల దాకా నిలబెట్టుకోవచ్చు, వరదొస్తే ఎత్తేయొచ్చు. రెండు పక్కలా కలిపి సుమారు 13 లక్షల ఎకరాలు దీని మీదే బతుకుతున్నాయి. మీరు తినే బియ్యంలో ఎన్నో గింజలు ఈ గేట్ల పక్కనుంచి పోయిన నీళ్ళతో పండినవే.

బెజవాడ వైపు చివరికొచ్చేసరికి, గేట్ల ఎత్తు చూడ్డానికి ఒక నిమిషం ఆగండి. 2024 సెప్టెంబరు మొదట్లో ఈ గేట్లలోంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. 2009లో 11.10 లక్షలు పోయినప్పుడే ఇక ఇంతకంటే రాదనుకున్నాం. 2024 వరదలో పైనుంచి కొట్టుకొచ్చిన బరువు పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లని, అంటే గేటు తేలిగ్గా లేవడానికి కట్టే బరువు దిమ్మెల్ని, గుద్దేశాయి, వాటిని బయటికి లాగడానికి రోజుల తరబడి తంటాలు పడ్డారు. మా తాత బతికుంటే "పడవని కట్టెయ్యడం కూడా రాదురా మీకు" అనేవాడు. ఇంకో సంగతి. ఆ వరదలో ఊరిని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. ఊరంతా ఇటు కృష్ణ వైపు చూస్తుంటే అటు వెనకనుంచి బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చేసింది. ఈ ఊరికి రెండో ఏరొకటుందని చాలామందికి ఆ రోజే తెలిసింది.

బ్యారేజీ దిగాక గుడి వైపు తిరక్కండి. కాలవ వైపు తిరగండి.

నదిలోంచి కాలవలోకి నీళ్ళు వదిలే చోటు ఇక్కడే. కాస్త ముందుకెళ్ళాక ఇది మూడుగా చీలుతుంది. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ. ఊరి పటం గీయమంటే నేను ముందు ఈ మూడు గీతలు గీస్తాను, తరవాతే రోడ్లు. బందరు కాలవకీ నదికీ మధ్య కృష్ణలంక. ఏలూరు కాలవకి ఇటు స్టేషను, అటు గాంధీనగర్. రైవస్ కాలవ రామవరప్పాడు వైపు పోతుంది. పండిట్ నెహ్రూ బస్టాండు కూడా కాలవల మధ్యనే ఉంది. బెజవాడ మనిషిని దారి అడిగితే "వంతెన దాటండి" అనకుండా చెప్పలేడు.

ఈ కాలవలు సాగు కోసమే తవ్వారనుకుంటారు. కాదు, పడవల కోసం కూడా. ఏలూరు కాలవ పోయి ఏలూరు దగ్గర గోదావరి కాలవల్తో కలుస్తుంది. అవతలి ఒడ్డున సీతానగరం లాకుల నుంచి బయల్దేరిన కాలవ దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలవై, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవని అందుకుంటుంది. అది మద్రాసు దాకా పోతుంది. అంటే కాకినాడలో పడవెక్కినవాడు సముద్రం మొహం చూడకుండా మద్రాసులో దిగొచ్చు. మధ్యలో కృష్ణ దాటాల్సింది ఇక్కడే, ఆనకట్ట ఎగువన నిలబడిన నీళ్ళ మీద. మా తాత ఏలూరు వైపు నుంచి బియ్యం బస్తాలు తెచ్చేవాడు, పెదగంజాం వైపు నుంచి ఉప్పు తెచ్చేవాడు. గాలుంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీద మనుషులు మోకు భుజానేసుకుని లాగడం. ఆ మోకు ఒరిపిడికి మా తాత ఎడం భుజం మీద చర్మం చెప్పు తోలులా ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని గోటితో గీకి చూసేవాణ్ణి, ఆయనకి తెలిసేది కాదు.

లాకు అంటే ఏమిటో మేనల్లుడికి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. "తాళమా మావయ్యా?" అన్నాడు. నదిలో నీళ్ళ మట్టం ఒకటి, కాలవలో ఇంకొకటి. పడవ మెట్లు దిగలేదు కదా. అందుకని రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి కడతారు. పడవ తొట్లోకి రాగానే వెనక తలుపులేస్తారు, తొట్లో నీళ్ళు మెల్లిగా దించుతారు, పడవ కూడా దిగుతుంది, అప్పుడు ముందు తలుపులు తీస్తారు. నీళ్ళతో నడిచే లిఫ్టు అన్నమాట. ఆ తలుపుల దగ్గరుండే లస్కరు మా తాతకి కలెక్టరు కంటే పెద్ద అధికారి. ఆయనకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడే పడవ దాటేది, వరసలో ముందుకు రావాలంటే ఓ పొగాకు కాడ సమర్పించుకోవాల్సిందే. రైళ్ళు, తరవాత లారీలు వచ్చాక పడవలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇప్పుడు ఈ కాలవల మీద సరుకు పడవ ఒక్కటీ లేదు. కాలవ గట్టు మాత్రం ఉంది. మీరు నడిచే దారే ఆ మోకు లాగినవాళ్ళు నడిచిన దారి.

ఏడున్నరయ్యేసరికి ఆకలేస్తుంది. వన్‌టౌన్‌లోకి రండి. పోలీస్ స్టేషన్ నంబరే పేటకి పేరైపోయిన చోటు ఇది, పాత బెజవాడంటే ఇదే. ఏ చిన్న హోటల్లో కూర్చున్నా నెయ్యి కారప్పొడి ఇడ్లీ, పెసరట్టు ఉప్మా దొరుకుతాయి. గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న ముద్ద వేసి పెడతారు. దానికోసం ఆగగలిగితే ఆగండి, నేను ఆగలేను.

వన్‌టౌన్ చూడ్డానికి పద్ధతేమీ లేదు, తప్పిపోవడమే పద్ధతి. బ్రాహ్మణ వీధి, సామారంగం చౌక్, పంజా సెంటర్, కొత్తపేట. ఎటు పోయినా మళ్ళీ కొండ కనపడుతుంది, కాబట్టి భయం లేదు. వస్త్రలతలో టోకు బట్టల కొట్లు. కాళేశ్వరరావు మార్కెట్‌లో కూరగాయలు, ఉల్లిపాయలు, బెల్లం. అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు అది. తోపుడు బళ్ళూ హమాలీలూ మధ్య మీరు అడ్డం నిలబడితే ఎవరూ ఊరుకోరు. "సైడు, సైడు" అన్న మాట వినపడగానే గోడకి ఆనుకోవాలి. పడవల కాలంలో సరుకు దిగిన చోటు చుట్టూ కొట్లు పుట్టాయి, కొట్ల చుట్టూ వీధులు పుట్టాయి. అందుకే ఏ వీధీ తిన్నగా ఉండదు. పడవలు పోయినా కొట్లు మాత్రం చోటు మారలేదు. తల పైకెత్తితే కొండ మీద అరల్లో పేర్చినట్టు ఇళ్ళు, నిటారు మెట్లు. కొండ పక్కవాళ్ళకి గ్యాసు బండ మోసుకెళ్ళే కుర్రాడికంటే బలమైనవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

కొండ కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి. గుహలు చెక్కింది ఎప్పుడో ఆరేడు శతాబ్దాల్లో. పేరు మాత్రం 17వ శతాబ్దంలో గోల్కొండ తానీషా దగ్గర మంత్రులుగా చేసిన అన్నదమ్ములది. అయిదు నిమిషాలు చాలు. మల్లేశ్వరస్వామి గుడి దగ్గర మాత్రం తెలుగు మీద ప్రేమున్నవాళ్ళు ఆగాలి. యుద్ధమల్లుడి బెజవాడ శాసనం అక్కడిదే. పదో శతాబ్దంలో ఒక చాళుక్య రాజు కుమారస్వామికి గుడి కట్టించి, ఆ సంగతి రాతి మీద తెలుగు పద్యాల్లో చెక్కించాడు. మధ్యాక్కర ఛందస్సు. నన్నయ గారు భారతం మొదలుపెట్టడానికి ముందే మా ఊళ్ళో రాయి పద్యం చెప్పింది. నాకు ఛందస్సు రాదు గానీ గర్వం మాత్రం ఉంది.

ఎండెక్కే లోపల బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలోకి దూరండి. శుక్రవారం ఎక్కువగా ప్రభుత్వ మ్యూజియాలు మూస్తుంటారు, వచ్చేముందు కనుక్కోండి. దీని పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం. రాణిగారి యాభయ్యేళ్ళ పాలన పండగకి 1887లో శంకుస్థాపన చేశారు. రాణి పేరున కట్టిన ఆ భవనంలోనే 1921 మార్చి 31, ఏప్రిల్ 1న కాంగ్రెస్ కమిటీ కూర్చుని, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచెయ్యాలనీ, కోటిమంది సభ్యుల్ని చేర్చాలనీ, 20 లక్షల రాట్నాలు తిప్పించాలనీ తీర్మానించింది. అక్కడే పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా ఇచ్చారు. ఎరుపు, ఆకుపచ్చ. తెలుపు కూడా ఉండాలన్నారు గాంధీగారు. కాంగ్రెస్ వాళ్ళు సభకి బెజవాడనే ఎందుకు ఎంచుకున్నారని మేనల్లుడు అడిగాడు. పుస్తకంలో ఏ కారణం రాశారో గానీ, పార్శిల్ గుమాస్తా లెక్క ఒకటుంది. ఎటునుంచి వచ్చినా రైలు దిగేది ఇక్కడే. లోపల అల్లూరు నుంచి తెచ్చిన తెల్ల సున్నపురాతి బుద్ధుడున్నాడు, ఆయన ముందు ఫ్యాను కింద కాసేపు కూర్చోండి.

ఇక రైలు సంగతి. స్టేషన్ 1888లో వచ్చింది. మరుసటి ఏడు నిజాం రైలు ఇక్కడికి చేరింది. 1893లో కృష్ణ మీద వంతెన పడింది. ఆ బెజ్జంలోంచే. ఇవాళ మద్రాసు, విశాఖ, కాజీపేట, గుంటూరు, గుడివాడ, అయిదు వైపులకి పట్టాలు పోతాయి, పది ప్లాట్‌ఫారాలు. ప్రయాణికులకి స్టేషనంటే టీ, ఇడ్లీ, అనౌన్స్‌మెంటు. నాకు మాత్రం వాసన. వేసవిలో పార్శిల్ ఆఫీసు నిండా నూజివీడు రసాల బుట్టలు. ఏడాది పొడుగునా కొల్లేరు చేపలు, ఐసు పెట్టెల్లో, హౌరా వైపు. ఆ నీళ్ళు కారి కారి నా చెప్పులు నెల తిరక్కుండానే కుళ్ళిపోయేవి, ఆ చెప్పుల్ని మా ఆవిడ గుమ్మం దాటనిచ్చేది కాదు. గురువారం రాత్రిళ్ళు సినిమా పెట్టెలు. గాంధీనగర్ అంతా సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులే కదా. శుక్రవారం పొద్దుటాటకి బందరులోనో భీమవరంలోనో తెర మీద బొమ్మ పడాలంటే, ఆ రేకు పెట్టె రాత్రి మా చేతుల మీదుగా బండెక్కాల్సిందే. మా తాత బియ్యం దాటించాడు, నేను బొమ్మలు దాటించాను.

సరుకూ రైలూ ఉన్నచోటికి కాగితం కూడా వస్తుంది. 1948 డిసెంబరులో ఇక్కడ రేడియో స్టేషన్ పెట్టారు. విశాలాంధ్ర పత్రిక ఇక్కడే పుట్టింది, 1960లో ఆంధ్రజ్యోతి కూడా ఇక్కడే పుట్టింది. పుస్తకాల అచ్చు, అమ్మకం అంతా ఏలూరు రోడ్డు చుట్టూనే. ఇప్పుడు చాలావరకు హైదరాబాదు తరలిపోయింది. మిగిలినదాంట్లో నాకిష్టమైనది లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు. మధ్యాహ్నం భోజనం చేసి అక్కడికి పోండి. బేరం ఆడండి, కానీ పుస్తకం చేతిలోకి తీసుకుని ముచ్చటపడ్డాక ఆడొద్దు, మీ మొహం చూసి ధర చెప్తాడు. ఇంజినీరింగు పుస్తకాల గుట్ట కింద ఎక్కడో పాత వారపత్రికల బౌండ్లు ఉంటాయి. వాటిలో కథల కంటే ప్రకటనలు చదవండి.

మూడు గంటలకి మళ్ళీ నది దాటి ఉండవల్లి. బ్యారేజీ నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు, ఆటోవాడితో రానుపోను మాట్లాడుకోండి, అక్కడ తిరుగు ఆటో దొరకడం కష్టం. ఒకే కొండని నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహ. లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామి. అయిదు మీటర్ల పైచిలుకు పొడవు. చీకట్లోకి వెళ్ళగానే ఏమీ కనపడదు. కంగారుపడి ఫోన్ లైటు వెయ్యకండి. రెండు నిమిషాలు ఊరికే నిలబడితే ముందు పాదాలు, తరవాత నడుము, ఆ తరవాత మొహం తెలుస్తాయి. అరటిపండు చేతిలో పట్టుకుని మాత్రం వెళ్ళొద్దు, కోతులున్నాయి. పై అంతస్తు నుంచి కింద అరటి తోటలు, పూల తోటలు, ఆ వెనక నది.

తాడేపల్లి మీదుగా తిరిగొస్తారు కదా, నా చిన్నప్పుడు ఈ పక్క సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. దాని కూతని బట్టి మా మేనత్త పొయ్యి వెలిగించేది. అది మూతపడి చాలా ఏళ్ళయింది. అపార్ట్‌మెంట్లు వచ్చాయి. మేనల్లుడికి చూపిద్దామని ఆటో ఆపించాను గానీ, ఏ గోడ ఎక్కడుండేదో నాకే తేలలేదు.

సాయంత్రం గాంధీ కొండ ఎక్కాలి. స్టేషన్‌కి పడమట, తారాపేట పక్క. 1968లో జాకీర్ హుస్సేన్ గారు రాష్ట్రపతిగా ఉన్నప్పుడు పైన 52 అడుగుల స్తూపం ప్రారంభించారు. పిల్లల రైలు కూడా ఉంది, అది నడుస్తోందా లేదా అన్నది మీ అదృష్టం. అసలు దీని పాత పేరు ఓర్ హిల్. పొద్దున్న గుర్తుపెట్టుకోమన్నానే, ఆ కెప్టెన్ ఓర్ పేరే. ఆనకట్ట తెగింది, కొండ పేరు మారింది, మొత్తానికి ఆయన ఈ ఊళ్ళో ఎక్కడా మిగల్లేదు. గాంధీగారి పేరు పెట్టడం మీద నాకేం అభ్యంతరం లేదు, కింద ఓ చిన్న పలకైనా ఉంటే బావుండేదని మాత్రం అనిపిస్తుంది. పైనుంచి చూస్తే పొద్దున్నించీ నడిచిందంతా ఒక్కచోట కనపడుతుంది. పట్టాల గుత్తి, ఇంద్రకీలాద్రి, నది వంపు. దీపాలు పెట్టేదాకా ఉండండి.

రెండో రోజు ఉంటే కొండపల్లి పోవచ్చు, ఇరవై కిలోమీటర్ల లోపే. కోట కంటే బొమ్మల కాలనీలో ఎక్కువసేపు గడపండి. తెల్ల పొణికి కర్ర ఎంత తేలికో చేత్తో పట్టుకుని చూడండి, చింతగింజల పొడితో చేసిన మక్కుతో ముక్కలు అతికించడం చూడండి. ఊరికే చూసి వచ్చేయకుండా కనీసం ఒక ఎడ్లబండి కొనండి. భవానీ ద్వీపం పిల్లలున్నవాళ్ళకి. నాకంత సరదా లేదు.

కొండ దిగుతూ పునుగులు తినకపోతే ఈ ఊరికి వచ్చినట్టు కాదు. అల్లం చట్నీ వేరే అడగండి, అడక్కపోతే పల్లీ చట్నీతో సరిపెడతాడు.

రాత్రి బండికి అరగంట ముందైనా స్టేషన్లో ఉండండి. ఒకటో ప్లాట్‌ఫారం నుంచి పదో దానికి మోకాళ్ళ నొప్పులతో వెళ్ళడం చిన్న విషయం కాదు. మద్రాసు వైపు పోయే బండయితే కుడిచేతి కిటికీ పట్టుకోండి. స్టేషన్ వదిలిన కాసేపటికే చక్రాల చప్పుడు మారుతుంది, అంటే వంతెన మీదికొచ్చారన్నమాట. అప్పుడు బయటికి చూస్తే బ్యారేజీ దీపాల వరస, దాని చివర కొండ మీద గుడి వెలుగు. మేనల్లుడు అక్కణ్ణుంచే ఫోటో తీసి పంపాడు. అద్దంలో వాడి మొహం, పక్క బెర్తాయన టిఫిన్ క్యారేజీ తప్ప ఏమీ పడలేదు. కింద మాత్రం "మావయ్యా, లాకు ఎటు పక్క?" అని రాశాడు.